ముందు ఎర్తు, తర్వాతే గీజరు

పాశర్లపూడి గ్యాస్ బావి 1995 జనవరిలో అంటుకుని వారాల తరబడి మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి, నిద్రలో ఉన్నవాళ్లు ఉన్నచోటే కాలిపోయారు. అవి చూసిన కోనసీమ మనిషి రాజమండ్రిలో ఫ్లాటు కొనుక్కుని, వంటకి ఇండక్షన్ పొయ్యి, స్నానానికి కరెంటు గీజరు చాలు, ఇంట్లో మంటే వద్దంటే నేను తప్పుపట్టను. బాత్‌రూములో గ్యాస్ గీజరు పెట్టడం కన్నా అది ఎంతో మంచి నిర్ణయం. తలుపేసిన ఇరుకు గదిలో గ్యాస్ సరిగ్గా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. లోపలున్న మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

అయితే మంట లేదు కదా అని భయం లేదనుకోకూడదు.

అందరూ అడిగేది ఒకటే: ఏ కంపెనీ మంచిది, ఎన్ని లీటర్లది కొనాలి? దానికి జవాబు చిన్నదే. మన దగ్గర వేణ్ణీళ్ల అవసరం నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకానే. మే నెలలో డాబా మీది ట్యాంకు నీళ్లే ఒళ్లు చుర్రుమనిపిస్తాయి. బకెట్ స్నానాల ఇంటికి ఐఎస్ఐ గుర్తున్న 15 లీటర్ల స్టోరేజి గీజరు సరిపోతుంది. ఒక్కసారి కాగితే చన్నీళ్లు కలిపి రెండు బకెట్లకి వస్తాయి. ఆ 15 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి యూనిట్‌లో మూడింట రెండొంతులు కూడా పట్టదు. 2 కిలోవాట్లది తొమ్మిది ఆంపియర్ల లోపే లాగుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరైతే పదమూడు లాగుతుంది. పాత వైరింగుకి అది పెద్ద తేడానే. పసిపిల్లలున్న ఇంట్లో థర్మోస్టాట్ 50 దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్లు పడితే ఒళ్లు కాలడానికి కొద్ది సెకన్లు చాలు.

డబ్బు పెట్టాల్సింది గోడలో. గీజరు లోపలి కాయిల్ పగిలి కరెంటు నీళ్లలోకి, ట్యాంకులోకి దిగితే దాన్ని భూమిలోకి లాగేది ఎర్తు వైరు. చాలా ఫ్లాట్లలో మూడు రంధ్రాల ప్లగ్గు ఉంటుంది గానీ వెనక మూడో వైరు ఉండదు. ఇంకా ఘోరం, న్యూట్రల్‌నే ఎర్తుకి లూపు చేసి వదిలేయడం. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే గీజరు ఒళ్లంతా కరెంటే. అడిగితే "ఏం కాదండీ, ఎన్నేళ్ల నుంచో ఇలాగే వాడుతున్నారండీ" అంటారు. ఆ మాటతో మాత్రం సరిపెట్టుకోకండి.

ఎంసీబీ ఉంది కదా అంటారు. ఎంసీబీ కాపాడేది వైర్లని, మనిషిని కాదు. మనిషి ప్రాణం తీయడానికి కావలసిన కరెంటు దానికి లెక్కలోకే రాదు. మనకి కావలసింది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అని అది నిత్యం చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిన క్షణంలో సప్లై తెంచేస్తుంది. దాని మీద ‘టీ’ అని ఒక చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. టక్కున పడాలి. పడకపోతే ఆ రోజే మార్పించండి.

బకెట్లో రాడ్డు వేసుకునే అలవాటు గురించి నాకు కోపం ఎక్కువే. కాగు కింద కొబ్బరి డొక్కలు ఎగదోసిన రోజుల్లో పిల్లలకి మంట కనిపించేది, దూరంగా ఉండేవారు. రాడ్డులో కరెంటు కనిపించదు. నీళ్లు కాగాయో లేదో అని స్విచ్చు కట్టకుండా వేలు ముంచే పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. దయచేసి దాన్ని ఇంట్లోంచి తీసేయండి.

తొమ్మిది నెలలు ఊరికే పడివున్న గీజరుకి ఇంకో జబ్బు ఉంది. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని, చన్నీళ్ల పైపు దగ్గరుండే సేఫ్టీ వాల్వు బిగుసుకుపోతుంది. 25 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 75 దాకా కాగితే అర లీటరు పైనే పెరుగుతాయి. ఆ పెరిగిన నీరు పోవడానికి దారి కావాలి కాబట్టే వాల్వు నుంచి చుక్కలు పడతాయి. అది లీకని ఎంసీల్ పూసి మూసేసినవాళ్లు గీజరుని బాంబు చేసుకున్నట్టే. చలికాలం మొదట్లో ఆ వాల్వు పిడిని ఒకసారి పైకెత్తండి, నీళ్లు బయటికి చిమ్మాలి. ట్యాంకు నిండిందని కుళాయిలో చూశాకే స్విచ్చు వేయండి.

అపార్టుమెంటు అసోసియేషన్లు లిఫ్టుకీ జనరేటరుకీ సర్వీసింగ్ చేయిస్తాయి. ఎర్తు గొయ్యి మాత్రం మొక్కల కుండీల కింద ఉంటుంది. డెల్టా నేలలో చెమ్మ ఉంటుంది, అది ఎర్తుకి మేలే. కానీ తీరం వైపు ఉప్పు నేలలో పాతిన ఇనప పైపుని ఆ చెమ్మే తినేస్తుంది. దసరా వెళ్లగానే ఎర్తు టెస్టరుతో కొలిపించి, ఎన్ని ఓమ్‌లు వచ్చాయో ఎలక్ట్రీషియన్ సంతకంతో నోటీసు బోర్డులో పెట్టమని వచ్చే మీటింగులో అడగండి. అద్దెకున్నవాళ్లూ అడగండి, ఆ బాత్‌రూములో రోజూ స్నానం చేసేది మీరే.