ఇగ్వానా నాకు నేర్పిన పాఠం



పాఠం చెప్పడం ఉపాధ్యాయుని పని. కాని ఈ నెల నేను మీకు చెప్పబోయేది నేను నేర్చుకున్న పాఠం. దాన్ని నాకు నేర్పినది ఏ పండితుడూ కాదు, ఒక బల్లిజాతి జీవి. దాని పేరు ఇగ్వానా.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడికి వాళ్ళ మేనమామ పట్నం నుంచి పచ్చ ఇగ్వానా పిల్లను కొని తెచ్చాడు. జానెడు పొడవు, చిగురాకు రంగు. వాడు దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని బడికి తెచ్చి, "మాస్టారూ! దీనికి ఏం పెట్టమంటారు?" అని అడిగాడు.

అది ఆకులు తినే జీవి అన్నంతవరకు నాకు తెలుసు. "పాలకూర పెట్టరా, అందులో కాల్షియం ఉంటుంది. బలానికి అప్పుడప్పుడు ఉడికించిన గుడ్డు పెట్టు. గాజు తొట్టెలో ఉంచి కిటికీ దగ్గర పెడితే ఎండ కూడా తగులుతుంది" అన్నాను. వాడు నా మాట తు.చ. తప్పకుండా పాటించాడు. పైగా అది ఇష్టంగా తింటోందని రోజూ అరటిపండు కూడా పెట్టాడు.

ఆరు నెలల తరువాత మళ్ళీ తెచ్చి చూపించాడు. "చూడండి మాస్టారూ, తొడలు ఎంత పుష్టిగా ఉన్నాయో!" అన్నాడు. నేనూ మెచ్చుకున్నాను. మరి రెండు నెలలకు వాడు ఏడుస్తూ వచ్చాడు. ఇగ్వానా వెనక కాళ్ళు ఈడుస్తోంది. వేళ్ళు వణుకుతున్నాయి. దవడ పట్టుకుంటే రబ్బరులా వంగుతోంది. పట్నంలో పశువైద్యులు ఎక్స్‌రే తీసి చూపించారు. ఎముకలు తెల్లగా కనిపించవలసిన చోట మసక నీడలు మాత్రమే ఉన్నాయి. వారం తిరగకుండానే అది చనిపోయింది.

వాడు నన్ను నిష్ఠూరమాడలేదు. "మీరు చెప్పినట్లే పెట్టాను మాస్టారూ" అన్నాడు, అంతే.

మూడు సలహాలు, మూడు తప్పులు

నా మొదటి సలహా పాలకూర. అందులో కాల్షియం ఉన్నమాట నిజమే. కాని దానితోపాటే ఆక్సలేట్లు కూడా మెండుగా ఉన్నాయి. కాల్షియం లవణ ద్రావణంలో ఆక్సలేటు కలిపితే తెల్లని అవక్షేపం అడుగున చేరుతుంది. ఆహారనాళంలో జరిగేదీ అదే. కాల్షియం ఆక్సలేటుగా మారి నీటిలో కరగకుండా పోతుంది. కరగనిది ఒంటికి పట్టదు. పట్టికలో ఉన్న కాల్షియం వేరు, ఎముకకు చేరే కాల్షియం వేరు.

ఇక్కడ భాస్వరం సంగతి కూడా చెప్పాలి. ఇగ్వానా తినే తిండిలో భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం సుమారు రెండు పాళ్ళు ఉండాలి. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం సుమారు 5 మిల్లీగ్రాములు, భాస్వరం సుమారు 22 మిల్లీగ్రాములు. అంటే లెక్క పూర్తిగా తలకిందులైంది! కీరదోస, టమాటాలలోనూ భాస్వరానిదే పైచేయి. ఇష్టంగా తిన్నంత మాత్రాన అది మంచి తిండి కాదు. మీరు ఐస్‌ఫ్రూటు ఇష్టంగా తినరా?

రెండవ సలహా గుడ్డు. మాంసకృత్తులు బలమని మనం చదువుకున్నాం. ఆ మాట మనకు సరిపోతుంది. ఆకులు తినే ఇగ్వానాకు జంతు సంబంధమైన మాంసకృత్తులు ఎక్కువగా పెడితే, వాటి వ్యర్థం యూరిక్ ఆమ్లంగా మూత్రపిండాల మీద భారం మోపుతుంది. అది కీళ్ళలోను, అవయవాలలోను పేరుకుంటే గౌటు అనే జబ్బు వస్తుంది. పెంపుడు ఇగ్వానాలు మూత్రపిండాలు చెడి చనిపోవడం పశువైద్యులు తరచుగా చూసేదే. కుక్కల బిస్కత్తులు, పిల్లుల మేత పెట్టే ఇళ్ళలో ఈ ముప్పు మరీ ఎక్కువ.

మూడవ సలహా కిటికీ. ఇదే నన్ను ఎక్కువ సిగ్గుపడేలా చేసింది. ఎందుకంటే విటమిన్-డి పాఠం నేను ఏటా చెబుతూనే ఉన్నాను. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే వైద్యుడు రికెట్స్ వ్యాధితో కాళ్ళు వంకరపోయిన పిల్లలకు అతినీలలోహిత కిరణాలు సోకించి నయం చేశాడు. ఆ కిరణాలలో సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి చర్మంలో విటమిన్-డి తయారీకి తోడ్పడతాయి. మామూలు కిటికీ గాజు వెలుతురును రానిస్తుంది, వేడిని రానిస్తుంది, ఈ కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. కుర్రవాడి ఇగ్వానాకు ఒక గాజు కాదు, రెండు గాజులు అడ్డం! ఎనిమిది నెలలు అది వెలుతురులో కూర్చుని చీకటిలో బతికింది.

విటమిన్-డి లేకపోతే తిన్న కాస్త కాల్షియం కూడా రక్తంలోకి చేరదు. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు పనిచేయవు. అందుచేత పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను ఎముకల నుంచి కాల్షియాన్ని తోడి రక్తంలోకి పంపుతుంది. పస్తులున్న ఇంట్లో పెట్టెలోని నగలు ఒక్కొక్కటే అమ్ముకున్నట్లు! బలహీనపడిన ఎముకను ఆసరాగా నిలపడానికి దాని చుట్టూ నారవంటి కణజాలం పెరుగుతుంది. అప్పుడు కాలు లావుగా కనిపిస్తుంది. మేము పుష్టి అనుకుని మురిసిపోయినది ఆ జబ్బునే.

ఆకు తిని బతకడం తేలిక కాదు

బల్లిజాతిలో ఎక్కువ భాగం పురుగులనో చిన్న జంతువులనో తిని బతుకుతాయి. మన కంచె మీది తొండ, గోడ మీది బల్లి, పొలం గట్టు మీది ఉడుము అన్నీ అంతే. పూర్తిగా ఆకులలముల మీద బతికేవి చాలా కొద్ది. మన దేశంలో రాజస్థాన్, కచ్ ఎడారుల్లోని ముళ్ళతోక బల్లి ముఖ్యంగా మొక్కలనే తింటుంది. గలపగోస్ దీవుల సముద్ర ఇగ్వానా సముద్రపు నాచు తింటుంది. 1835లో అక్కడికి వెళ్ళిన డార్విన్ వాటి పొట్టలు కోసి చూసి, నిండా నాచే ఉన్నట్లు గమనించాడు.

మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకా అడవుల్లో చెట్ల మీద ఉండేది మనం చెప్పుకుంటున్న పచ్చ ఇగ్వానా. ఆకులోని సెల్యులోజును అరిగించే శక్తి దానికీ స్వయంగా లేదు. ఆ పని దాని పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు చేస్తాయి. పుట్టిన పిల్లకు ఆ సూక్ష్మజీవులు ఎక్కడి నుంచి వస్తాయి? పనామాలో కాథరిన్ ట్రోయర్ ఈ సంగతి పరిశోధించి 1982లో ప్రకటించింది. పిల్లలు పెద్ద ఇగ్వానాల మలాన్ని తిని వాటిని సంపాదించుకుంటాయి! అసహ్యించుకోకండి, అది వాటికి తల్లిపాలవంటిది.

ఈ సూక్ష్మజీవులకు వెచ్చదనం కావాలి. ఇగ్వానా శీతలరక్త జీవి కాబట్టి ఆ వెచ్చదనాన్ని ఎండలోనుంచే తెచ్చుకోవాలి. సుమారు 35 డిగ్రీల వేడిలో ఒళ్ళు కాచుకుంటేనే దానికి తిన్నది అరుగుతుంది. చల్లని గదిలో ఉంచి మంచి ఆకు పెట్టినా ప్రయోజనం లేదు. కుండలో బియ్యం పోసి పొయ్యి వెలిగించకపోతే అన్నం అవుతుందా? తిండి, ఎండ, వేడి అనేవి దానికి మూడు కావు, ఒక్కటే.

నా అభిప్రాయం

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది ఇది. ముద్దుగా ఉందని, కొత్తగా ఉందని మీరు ఇగ్వానాను కొనకండి. ఎవరైనా కొనిస్తామన్నా వద్దనండి.

"జంతువులను పెంచకపోతే పిల్లలకు వాటి మీద ప్రేమ ఎలా కలుగుతుంది?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ప్రశ్న సబబైనదే. కాని మా కుర్రవాడికి ప్రేమ తక్కువై ఆ జీవి చావలేదు. వాడు తన పాలు మానుకుని ఆ డబ్బుతో అరటిపళ్ళు కొన్నాడు. కుక్కకు ఆకలైతే మూలుగుతుంది, దూడ అరుస్తుంది. ఇగ్వానా నెలల తరబడి మౌనంగా భరిస్తుంది. మనకు తెలిసేసరికి చాలాసార్లు వేళ మించిపోతుంది. అటువంటి జీవి దగ్గర ప్రేమ ఒక్కటే చాలదు, జ్ఞానం కావాలి.

సరిగ్గా పెంచితే ఇగ్వానా పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. తోకతో కలిపి మనిషి నిలువెత్తుకు దగ్గరగా పెరుగుతుంది. దానికి గది అంత చోటు, ప్రత్యేక దీపాలు, తెలిసిన వైద్యుడు కావాలి. అన్నీ అమర్చి శ్రద్ధగా పెంచేవారూ ఉన్నారు, వారిని నేను తప్పుపట్టను. కాని పదో తరగతి పరీక్షకు కూర్చోబోయే మీరు ఇరవై ఏళ్ళ మాట ఇవ్వగలరా? పెరిగాక బరువైందని తోటల్లో వదిలేసేవారు కూడా ఉన్నారు. అమెరికాలోని ఫ్లారిడాలో ఇగ్వానాలు అలా వ్యాపించి పంటలకు, కాలువగట్లకు బెడదగా మారాయి.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇటువంటి విదేశీ జీవులు ఇంట్లో ఉంటే ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలి. ఉడుము, ముళ్ళతోక బల్లి వంటి మన దేశపు వన్యప్రాణులను పట్టి పెంచడం నేరం.

ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే?

ఉన్నదాన్ని బయట వదలకండి, నిరాశపడకండి. మునగాకు, మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు కలిపి, మందు చల్లనివి శుభ్రంగా కడిగి పెట్టండి. గుమ్మడి ముక్కలు కొద్దిగా కలపవచ్చు. పండు ఎప్పుడో ఒకసారి రుచికి మాత్రమే. ఒకే ఆకు రోజూ పెట్టకుండా మార్చుతూ ఉండండి. గుడ్డు, మాంసం వద్దు. మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఉదయపు ఎండలో గాజుపెట్టె కాకుండా తీగల పంజరంలో ఉంచండి. సగం పంజరానికి నీడ తప్పనిసరి. మూసిన గాజుపెట్టెను ఎండలో పెడితే కొద్దిసేపటిలోనే ఒళ్ళు ఉడికి చనిపోతుంది. వేళ్ళు వణికినా, దవడ ఉబ్బినా, కాళ్ళు అకారణంగా లావెక్కినా, మేత మానినా ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోండి. మందుల మోతాదు మీరు నిర్ణయించకండి, నాలాంటి మాస్టార్లను అడగకండి!

ఆ కుర్రవాడు ఇప్పుడు మా బడి ప్రహరీ మీది తొండలను గమనించి, అవి ఎప్పుడు ఎండ కాచుకుంటాయో, ఎప్పుడు నీడకు చేరుతాయో నోటుపుస్తకంలో రాస్తున్నాడు. వాటిని పట్టుకోడు, వాటికి ఏమీ పెట్టడు. నా అనుమతితోనే మీకు ఇది రాయమని చెప్పినవాడూ వాడే కాదు, నేనే వాడి అనుమతి అడిగి రాస్తున్నాను.

ఆ ఎక్స్‌రే మా ప్రయోగశాల బీరువాలో ఉంది. విటమిన్-డి పాఠం వచ్చినప్పుడల్లా దాన్ని తీసి, తరగతి గది కిటికీకి ఆనించి పిల్లలకు చూపిస్తాను. ఆ కిటికీకి ఉన్నదీ గాజే. "ఈ గాజులోనుంచి ఏది వస్తుంది, ఏది రాదు?" అని అడుగుతాను. జవాబు పరీక్షలో రెండు మార్కులకు వస్తుంది. ఆ రెండు మార్కుల జవాబు నాకు ముందే తెలుసు. వాడు అట్టపెట్టె తెచ్చిన రోజున అది గుర్తుకు రాలేదు. మీకు గుర్తుండాలనే ఇదంతా రాశాను.