ఆమె చూసి తృప్తిపడే వరకు

మరిపెడ నుండి ఓరుగల్లుకు వెళ్లే దారి మన ప్రాంతపు కుటుంబాలకు కొత్తది కాదు. తొర్రూరు, రాయపర్తి, వర్ధన్నపేటల మీదుగా సాగే ఆ దారిలో మగవారు మిర్చి, పత్తి అమ్ముకోవడానికి ఎనుమాముల మార్కెట్టుకు వెళ్తారు. ఆడవారు కాన్పుకో, కంటి పరీక్షకో ఎంజీఎం ఆసుపత్రికి వెళ్తారు. ఇంట్లో నికాహ్ నిశ్చయమైతే బట్టల కోసం, బంగారం కోసం అందరూ కలిసి వెళ్తారు. పని ముగియగానే తిరుగు బస్సు పట్టుకుంటారు. "మీరిద్దరూ కలిసి ఎప్పుడైనా కోట చూశారా?" అని ఆ దంపతులను అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు. కోట చూడటం బడిపిల్లల పని అన్నట్లుంటుంది ఆ నవ్వు.

ఈ నవ్వు వెనుక ఆలోచించవలసిన విషయం ఒకటుంది. భార్యాభర్తల మధ్య రాజీ కుదర్చడానికి పెద్దలు కూర్చున్నప్పుడు కొట్టాడు, తిట్టాడు, ఖర్చులకు ఇవ్వడం లేదు అన్న ఫిర్యాదులు అందరి చెవికీ ఎక్కుతాయి. "ఆయనకు నాతో మాట్లాడే తీరిక లేదు" అన్న ఫిర్యాదును మాత్రం ఎవరూ లెక్కచేయరు. కొట్టని, తిట్టని, ఖర్చులకు లోటు చేయని భర్తలున్న ఇళ్లలో కూడా ఈ మాట వినబడుతూనే ఉంది. భర్త వెంట ఊరు దాటిన ప్రతిసారీ ఆసుపత్రికో, చావుకో, శుభకార్యానికో వెళ్లడమే తప్ప, ఆయనతో కలిసి ఏదైనా చూడటానికి వెళ్లిన రోజు ఒక్కటీ లేని స్త్రీలు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారు దీన్ని నోరు తెరిచి అడగరు. అడగనంత మాత్రాన వారికి ఆ కోరిక లేదని అనుకోకూడదు.

ఈ విషయంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆచరణ ఎలా ఉండేదో చూడండి. ఒక పండుగనాడు మదీనా మస్జిద్‌లో హబషీలు ఈటెలతో తమ యుద్ధ విన్యాసాలు ప్రదర్శిస్తున్నారు. ఆ విన్యాసాలు చూడటానికి హజ్రత్ ఆయిషా (రజి) ఆయన వెనుక నిలుచున్నారు. ఆయన తమ దుప్పటిని ఆమెకు అడ్డుగా పట్టారు. ఆమె చూసి చూసి, తనంతట తాను చాలనుకునే వరకు ఆయన అక్కడి నుండి కదలలేదు. రాజ్య వ్యవహారాలు, దూతల రాకపోకలు, ధర్మబోధ అనే ఇన్ని బాధ్యతలు మోస్తున్న మహనీయుడు ఒక ఇల్లాలి వేడుక కోసం అంతసేపు నిలబడ్డారు. మరో ప్రయాణంలో సహచరులను ముందు పంపి ఆమెతో పరుగు పందెం వేశారు. ఆ రోజు ఆమె గెలిచారు. కొంతకాలం తరువాత మరో ప్రయాణంలో ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులు అని చమత్కరించారు. ప్రయాణానికి బయలుదేరినప్పుడు సతీమణుల పేర్లతో చీటీలు వేసి, ఎవరి పేరు వస్తే వారిని వెంట తీసుకువెళ్లేవారు. భార్యను వెంట తీసుకువెళ్లడం, ఆమె సంతోషానికి సమయం కేటాయించడం మన కాలపు కొత్త పోకడ కాదని, అది సున్నత్ అని వీటిని బట్టి గ్రహించవచ్చు.

ఈనాటి యువ దంపతులు ఫోన్లలో ఇటలీలోని వెనీస్, ఫ్లారెన్స్ వంటి పాత నగరాల దృశ్యాలు చూసి ముచ్చటపడుతుంటారు. ఆ ముచ్చటలో తప్పులేదు. అయితే అదే వెనీస్‌కు చెందిన మార్కోపోలో 13వ శతాబ్దం చివరలో మన తెలుగు తీరంలోని మోటుపల్లి రాజ్యాన్ని గురించి ఎంతో మెచ్చుకుంటూ చెప్పాడు. అక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని వస్త్రాలను, న్యాయంగా పాలించిన ఒక రాణిని ప్రస్తావించాడు. ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆమె రాజధాని మనం మిర్చి అమ్ముకుని వచ్చే ఓరుగల్లే. వెనీస్ వాడు వేల మైళ్లు దాటి వచ్చి మెచ్చుకున్న రాజ్యపు రాజధాని మన బస్సు ఆగే చోటే ఉంది. మనం మాత్రం దానిని చూడకుండానే తిరిగి వస్తున్నాం.

గణపతిదేవుని కాలంలో మొదలైన రాతికోటను ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించింది. కోట నడుమ నాలుగు దిక్కులా నాలుగు శిలాతోరణాలు నిలిచి ఉన్నాయి. వాటి మధ్యనుండిన ఆలయం నేడు లేదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు స్వీకరించిన చిహ్నంలో ఈ తోరణం, చార్మినార్ రెండూ చోటుచేసుకున్నాయి. 1323లో ఉలూగ్‌ఖాన్ నాయకత్వంలో వచ్చిన ఢిల్లీ సైన్యం ఈ కోటను జయించింది. చివరి రాజు ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీకి వెళ్తూ దారిలోనే మరణించాడు. ఆ తరువాత విజేతలు ఈ నగరానికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. ఓడినవారి సింహాసనం నిలవలేదు. గెలిచినవారు పెట్టిన పేరు కూడా నిలవలేదు. నేడు ఆ పేరు చెబితే వరంగల్లులోనే ఎవరికీ తెలియదు.

తోరణాలకు దగ్గరలోనే ఖుష్ మహల్ ఉంది. పైకి పోయేకొద్దీ లోపలికి వాలినట్లుండే మందపాటి గోడలు, ఎత్తైన కమానులు గల విశాలమైన దర్బారు అది. 16వ శతాబ్దారంభంలో ఓరుగల్లును ఏలిన షితాబ్‌ఖాన్ దీనిని కట్టించాడని స్థానికంగా చెప్పుకుంటారు. తుగ్లక్‌ల కాలం నాటిదని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఆ షితాబ్‌ఖాన్ అసలు పేరు సీతాపతి. ఈ ఒక్క కోటలో ఎన్ని వంశాలు, ఎన్ని భాషలు, ఎన్ని విశ్వాసాల అడుగుజాడలు కలిసి ఉన్నాయో దీనిని బట్టి తెలుస్తుంది. భూమిపై సంచరించి, మనకంటే బలవంతులైన పూర్వీకుల పర్యవసానం ఏమైందో చూడమని దివ్యఖుర్ఆన్ అనేక చోట్ల ప్రబోధిస్తోంది. గ్రంథంలో చదివిన ఈ ప్రబోధం ఆ కోటలో నిలబడినప్పుడు కళ్లకు కడుతుంది. భార్యాభర్తలు అక్కడ పక్కపక్కన నిలిచి, "ఇంత కట్టినవారే వెళ్లిపోయారు, మనం ఏ చిన్న విషయానికి మాటలు మానేశాం?" అని ఒక్కసారి అనుకున్నా ఆ ప్రయాణం సార్థకమే.

ఇక ఇళ్లలో ఎదురయ్యే అభ్యంతరాలను పరిశీలిద్దాం.

మొదటిది ఖర్చు. అప్పు చేసి విహారానికి వెళ్లమని ఎవరూ చెప్పరు. దుబారా నిషిద్ధమే. కానీ నెలకు 200 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 2,400 అవుతాయి. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక ఇల్లాలి టికెట్టుకు ఖర్చే లేదు. ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. ఉదయం ఇంట్లో చేసిన రొట్టెలు, కూర మూటకట్టుకుంటే ఒక పూట భోజనం గడుస్తుంది. పైగా భార్యాపిల్లలపై చేసే ఖర్చుకు కూడా పుణ్యఫలం ఉందని, భార్య నోటికి అందించే ముద్ద సైతం సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. పాన్‌లకు, టీ కొట్లకు నెలనెలా వ్యయమయ్యే సొమ్మును లెక్కించి చూస్తే, లోటు డబ్బులో లేదని తేలిపోతుంది.

రెండవది పెద్దల మాట. "మేము ఏనాడూ ఇలా వెళ్లలేదు, బహూకు ఈ సరదాలేమిటి?" అని అత్తగారు అనవచ్చు. ఆమెను ఎదిరించి వెళ్లడం తగదు, ఆమె కోసం భార్యను నిరాశపరచడమూ తగదు. కుమారుడు ముందుగా అమ్మీ వద్ద కూర్చుని, నచ్చజెప్పి, పిల్లలను ఆమె సంరక్షణలో ఉంచి బయలుదేరాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కోసం ఏదైనా తేవాలి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. చేతితో నేసిన అలాంటి జంపఖానా ఒకటి ఇంటికి తెస్తే అది ఏళ్ల తరబడి ఉపయోగపడుతుంది. మరోసారి తల్లిదండ్రులనూ తీసుకువెళ్లాలి. వారికీ చూడాలన్న కోరిక ఉంటుంది, వారిని అడిగేవారే లేరు.

మూడవది ధర్మ నియమాల గురించిన సంకోచం. ప్రయాణం నమాజును మాన్పించదు, సులభం చేస్తుంది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు లేక అంతకు మించిన దూరం వెళ్లదలచి ఊరి పొలిమేర దాటినవారు, అక్కడ 15 రోజులకు తక్కువగా ఉండే ఉద్దేశముంటే జుహర్, అసర్, ఇషా ఫర్జ్‌లను నాలుగు రకాతులకు బదులు రెండు రకాతులుగా చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక నిలిస్తే పూర్తి నమాజే చేయాలి. దూరం ఈ హద్దుకు దగ్గరగా ఉన్నప్పుడు ఊహించుకోకుండా, బయలుదేరక ముందే మీ మస్జిద్ ఇమామ్ గారిని అడగండి. కోట, ఖుష్ మహల్ పురావస్తు శాఖ సంరక్షణలోని చారిత్రక కట్టడాలు. వాటిని చరిత్రగా చూడండి. పూజలు జరిగే ఆలయాల వద్దకు వెళ్తే ఆరాధనల్లో పాలుపంచుకోకుండా, వారి పవిత్రతకు భంగం కలిగించకుండా మర్యాదగా మెలగండి.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ప్రయాణాన్ని పాడుచేసేది ఒకటుంది. అది ఫోను. తోరణం ముందు భార్యను నిలబెట్టి నలభై ఫొటోలు తీసి, వాటిని స్టేటస్‌లో పెట్టి, ఎవరెవరు చూశారోనని దారి పొడవునా తడుముకునే భర్త ఆమెతో ఉన్నట్లు కాదు. ఆమె చిత్రాలు లోకానికి చూపించవలసిన వస్తువులూ కావు. ఫోను జేబులో ఉంచి ఆమె వేగానికి నడవండి. ఒక శిల్పం దగ్గర ఆమె ఆగితే మీరూ ఆగండి. "చాలు, ఇక పద, బస్సు పోతుంది" అనే మాటను ఆ ఒక్క రోజు నోటికి రానివ్వకండి. సాయంత్రం భద్రకాళి చెరువు కట్టపై కాసేపు కూర్చుని, పిల్లల ఫీజుల సంగతి, అన్నదమ్ముల పొలం తగాదా కాకుండా ఆమె చెప్పేది వినండి. ఒక రాత్రి ఉండే వీలుంటే, మరునాడు పాకాల చెరువుకు వెళ్లవచ్చు. కాకతీయుల కాలంలో తవ్విన ఆ చెరువు ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలను తడుపుతూనే ఉంది. రాజులు పోయినా వారు చేసిన మేలు మిగలడం అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

సోదరీమణులకు కూడా ఒక మాట. భర్త తీసుకువెళ్తానన్న రోజున పక్కింటివారు వెళ్లిన ఊళ్లతో పోల్చి చిన్నబుచ్చకండి. ఓరుగల్లేనా అని పెదవి విరవకండి. ఆయన తెచ్చింది ఎంత దూరమని కాక, మీ కోసం ఒక రోజు కేటాయించారని చూడండి. కృతజ్ఞత తెలిపిన చోట రెండవ ప్రయాణం తప్పక ఉంటుంది.

ఈ సంచిక చదివిన భర్తలు నేటి రాత్రి భోజనమయ్యాక ఇల్లాలిని ఒక్క మాట అడగండి: "నీకు ఏం చూడాలనుంది?" వెంటనే జవాబు రాకపోవచ్చు. ఆ ప్రశ్న ఆమె ఏళ్ల తరబడి విని ఉండదు. తొందరపడకుండా వేచి ఉండండి. ఆమె ఒక చోటు పేరు చెప్పాక తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టండి.

అల్లాహ్ మన దాంపత్యాలలో ప్రేమను, కరుణను వర్ధిల్లజేయుగాక! ఆమీన్.