ప్లాన్ మార్చే ముందు పెట్టెలు తగ్గించండి

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో వీడియో ఆగిపోతే ఎంత కంగారో నాకు తెలుసు. ఓ కంపెనీ చివరి రౌండ్‌లో నాకు అదే జరిగింది. మళ్లీ కనెక్టయ్యేసరికి అవతల ఎవరూ లేరు. 'పెద్ద ప్లాన్ తీసుకుందాంరా' అన్నారు నాన్న. కానీ తప్పు ప్లాన్‌ది కాదు, ఇంట్లో నేను పేర్చిన పెట్టెలది.

ఫైబర్ మోడెమ్‌లోనే వైఫై ఉన్నా, దానికి పాత రౌటర్ తగిలించాను. పై గదికి రిపీటర్ పెట్టాను. చౌక రిపీటర్ ఒకే రేడియోతో సిగ్నల్ అందుకుని మళ్లీ పంపుతుంది. అందుకే స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. పాత రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైతే, 200 ప్లాన్ తీసుకున్నా వచ్చేది వందలోపే.

మీరూ ఓసారి చూడండి. ముందు ల్యాప్‌టాప్‌ను మోడెమ్‌కు నేరుగా ల్యాన్ కేబుల్‌తో కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. ప్లాన్‌కు తగ్గట్టు వస్తే లోపం ఇంట్లోనే. తర్వాత ఒక్కో పెట్టె కలుపుతూ కొలవండి. ఎక్కడ పడిపోతుందో తెలిసిపోతుంది. అక్కర్లేనిది తీసేయండి. ఇల్లు పెద్దది, రెండో రౌటర్ తప్పదంటారా? పెట్టుకోండి. కానీ కేబుల్‌తో కలిపి, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. మోడెమ్ ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్ వాడండి, గోడలు దాటాలంటే 2.4 మేలు. ఇంటర్వ్యూ రోజు మాత్రం కేబులే.

ఇంకో మాట. ఒక్కొక్కటి విడదీసి లోపం పట్టుకోవడం నెట్‌వర్క్, సపోర్ట్ ఉద్యోగాల్లో రోజూ ఉండే పనే. 'మీరు పరిష్కరించిన సమస్య ఏదైనా చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే, ఇదే చెప్పండి. మీ చేత్తో చేసింది కాబట్టి తడబడరు.