అమ్మమ్మ కెంపులు, వినపడని మోత

కిందటి నెల కళ్లజోళ్లు కడుక్కోవడానికని చిన్న అల్ట్రాసోనిక్ క్లీనర్ ఒకటి కొన్నాను. నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మూడు నిమిషాలు. మావారి కళ్లజోడు తళతళలాడింది. నా బంగారు గాజుల నగిషీల్లోంచి ఏళ్లనాటి చపాతీ పిండి, పసుపు మబ్బులా బయటికొచ్చాయి. ఆ ఊపులో అమ్మమ్మ కెంపుల నెక్లెస్ కూడా అందులో వేసేశాను.

తీసి చూస్తే రెండు రాళ్లు నీళ్ల అడుగున ఉన్నాయి. మిగతావాటిలో కొన్ని మసకబారాయి.

బీఎస్సీ ఫిజిక్స్ చదివినదాన్ని, ముందే ఆలోచించాల్సింది. మన చెవికి సెకనుకు 20,000 కంపనాల దాకానే వినపడుతుంది. ఇలాంటి క్లీనర్లు సుమారు 40,000 చేస్తాయి. ఆ అదురుకి నీళ్లలో కంటికి ఆననంత బుడగలు పుట్టి, టప్పున చితికిపోతాయి. చితికిన ప్రతి బుడగా పక్కనున్నదాన్ని బుల్లి సుత్తితో కొట్టినట్టే. మురికి ఊడేది అందుకే. పాతకాలపు కెంపుల పనిలో మెరుపు కోసం రాయి వెనక పల్చని రేకు పెట్టి, లక్కతో నిలబెడతారు. దెబ్బలకి పట్టు వదిలింది, నీళ్లు రేకు దాకా పోయాయి. ముత్యాలు, పగడాలు కూడా వేయకూడదు. అవి చాలావరకు కాల్షియం కార్బనేటే, మెత్తన. పచ్చలకైతే పగుళ్లు కనపడకుండా నూనె పట్టిస్తారు, అదీ పోతుంది. ఇవి గుచ్చిన నల్లపూసలు, మంగళసూత్రాలు తడిగుడ్డతో తుడుచుకుంటే చాలు.

మా ఎనిమిదేళ్ల పాపకి చూపిద్దామని క్లీనర్‌లో అల్యూమినియం ఫాయిల్ ముక్క వేశాను. కాసేపటికి జల్లెడలా చిల్లులు పడ్డాయి. దాని మొహం మారిపోయింది. "అమ్మా, తమ్ముడు పొట్టలో ఉన్నప్పుడు స్కానింగ్ కూడా ఇదే కదా? వాడికి నొప్పెయ్యలేదా?"

అడగాల్సిన ప్రశ్నే. కడుపు స్కానింగులో కంపనాలు సెకనుకు దాదాపు 30 నుంచి 50 లక్షలు. అంత వేగంలో బుడగ పెరగడానికి వ్యవధి ఉండదు. పైగా ఆ యంత్రం ఒక్క చిటికె శబ్దం పంపి, మిగతా సమయమంతా ప్రతిధ్వని కోసం కాచుకుని ఉంటుంది. వీడి గుండె కొట్టుకోవడం మేం మొదట చూసింది ఆ ప్రతిధ్వనుల్లోనే.

"అంటే అది కొట్టదు, వింటుంది," అని పాప తమ్ముడి దగ్గరికి పరిగెత్తింది.

ఊడిన రాళ్లు కుంకుమ భరిణెలో దాచాను. వేసవిలో ఇండియా వెళ్లినప్పుడు మా ఊరి కంసాలి చేత పొదిగించాలి, తడిసిన రేకులు మార్పించాలి. అమ్మకి ఇంకా చెప్పలేదు. ప్రతి నెలా ఈ శీర్షిక చదివి ఫోన్ చేస్తుంది. అమ్మా, ఈసారి ఫోన్ పిల్లలు పడుకున్నాక చెయ్యి.