చందా సరే, ఉస్తాద్ ఏడీ?

జుమా నమాజ్ అయ్యాక మస్జిద్ గేటు దగ్గర రుమాలు పరిచి గాజా కోసం చందా అడుగుతుంటే నేనూ జేబులో చెయ్యి పెట్టినవాణ్నే. ఇచ్చేవాళ్ల నియ్యత్ మీద నాకే షక్ లేదు. నా షికాయత్ వేరే ఉంది. దుప్పట్లన్నారు, ఇచ్చాం. ఖజూర్ అన్నారు, ఇచ్చాం. అంబులెన్స్ అంటే ఇంకా ఖుషీగా ఇస్తాం, దాని మీద మన జమాత్ పేరు రాస్తారు కాబట్టి. కానీ అక్కడి ఒక కుర్ర డాక్టర్‌ని ఎముకల సర్జన్‌గా తయారు చేయడానికి పైసలివ్వండని అడిగినవాణ్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఎముక సంగతేంటో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా తమ్ముడు బైక్ మీంచి పడితే మోకాలి కింద ఎముక ముక్కలైంది. కాలి చుట్టూ ఇనుప రింగులు బిగించి, చర్మంలోంచి ఎముకలోకి తీగలు దించారు. ఆపరేషన్ ఒక్క పూట. దాని తర్వాత ఎనిమిది నెలల ఇంతెహాన్. రోజుకు నాలుగుసార్లు నట్టు తిప్పాలి, ఒక్కోసారి మిల్లీమీటర్‌లో పావు వంతు. అలా రోజుకు ఒక్క మిల్లీమీటర్ కొత్త ఎముక. తీగలు దిగినచోట చీము పట్టకుండా అమ్మీ రోజూ శుభ్రం చేసేది. ఒకసారి అర్ధరాత్రి జ్వరమొచ్చి కాలు వాచిపోతే, ఆ డాక్టరే ఫోనెత్తి పొద్దున్నే రమ్మన్నాడు. ఆపరేషన్ చేసిన మర్నాడే ఆయన విమానమెక్కి వెళ్లిపోయి ఉంటే మా తమ్ముడు ఈరోజు రెండు కాళ్ల మీద నిలబడేవాడా?

ఇక గాజా చూడండి. 2018 మార్చి 30న కంచె దగ్గర నిరసనలు మొదలయ్యాయి. ఆ ఏడాది ఆఖరుకల్లా 6,106 మందికి తూటాలు తగిలాయని ఐక్యరాజ్యసమితి విచారణ కమిషన్ లెక్కగట్టింది. అందులో 4,903 మందికి తగిలింది కాళ్లలోనే. తూటా దెబ్బకి ఎముక నుజ్జవుతుంది, చుట్టూ కండ చిరుగుతుంది, లోపల మట్టీ మురికీ చేరుతుంది. ఒక్కో మరీజ్‌కి ఎన్నో ఆపరేషన్లు, నెలలు కాదు, ఏళ్లు. ఆ జఖమ్‌లు మానకముందే 2023 అక్టోబర్ వచ్చింది. 2024 జూలై వరకు గాయపడిన వాళ్లలో కనీసం 22,500 మందివి జీవితాన్నే మార్చేసే గాయాలని, వాటిలో చేతులూ కాళ్లవే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

బయటినుంచి వచ్చే సర్జన్లకు నా సలామ్. ప్రాణాలకు తెగించి వస్తున్నారు. కానీ రెండు మూడు వారాల్లో వాళ్లు వెళ్లిపోతారు. తర్వాత నట్టు ఎవరు తిప్పించాలి? చీము పడితే ఎవరు చూడాలి? మరీజ్‌నే బయటికి పంపొచ్చు కదా అంటారు. జోర్డాన్‌లోని అమ్మాన్‌లో 2006 నుంచి యుద్ధ గాయాలకోసమే ఒక ఆస్పత్రి నడుస్తోంది, మంచి పని చేస్తోంది. అయితే గాజా మరీజ్ అక్కడిదాకా పోవాలంటే గేటు దాటడానికి ఇజాజత్ కావాలి. ఆ ఇజాజత్ అతని చేతిలో లేదు. చెడే ఎముక కాగితం కోసం ఆగదు.

అసలు ఈ రింగుల ఇలాజ్ ఎక్కడ పుట్టిందో తెలుసా? పెద్ద రాజధానిలో కాదు. 1944లో సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతానికి ఇలిజరోవ్ అనే కుర్ర డాక్టర్ వెళ్లాడు. యుద్ధంలో కాళ్లు పాడైనవాళ్లు ఆయన ముందుకొచ్చారు. అక్కడే ఉండి, వాళ్లనే చూస్తూ, 1950ల మొదట్లో ఈ పద్ధతి కనిపెట్టాడు. పశ్చిమ దేశాలు దాన్ని గుర్తించడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. స్థానికుడికి ఏం తెలుసులే అనేవాళ్లు ఈ సంగతి యాద్ పెట్టుకోవాలి.

"చదివిస్తే దేశం వదిలి పోతారు" అంటారు కొందరు. కొందరు పోతారు. మన కాలేజీల్లో చదివిన డాక్టర్లు అమెరికాకీ గల్ఫ్‌కీ పోవడం లేదా? అందుకని కాలేజీలకు తాళం వేశామా?

"ఆస్పత్రులనే కూల్చేస్తుంటే తాలీమ్ ఎక్కడిస్తారు?" అనేది ఇంకో సవాల్. నిజమే, గాజాలో వైద్య విద్య నేర్పే రెండు యూనివర్సిటీల భవనాలనూ యుద్ధం నేలమట్టం చేసింది. మనుషుల్నీ వదల్లేదు. అల్ షిఫా ఆస్పత్రి ఎముకల విభాగం హెడ్ డాక్టర్ అద్నాన్ అల్ బుర్ష్‌ని 2023 డిసెంబర్‌లో ఉత్తర గాజాలోని మరో ఆస్పత్రి నుంచి పట్టుకెళ్లారు. 2024 ఏప్రిల్ 19న ఆయన ఇజ్రాయెల్ కైదులో చనిపోయాడు. చిత్రహింసల వల్లేనని పాలస్తీనా ఖైదీల సంఘాలు అన్నాయి. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. విభాగానికి హెడ్ అంటే చేతికింద నేర్చుకునే షాగిర్ద్‌లందరికీ ఉస్తాద్. అలాంటి ఒక్కడు పోతే రేపు తయారు కావాల్సిన సర్జన్లకు నేర్పే చెయ్యి పోయినట్టే. అందుకే ఒకరిద్దరితో సరిపెట్టొద్దు, ఎక్కువమందికి నేర్పాలి అంటున్నా.

కాబట్టి భాయియో, బెహనో, ఈసారి రుమాలు పరిచినప్పుడు ఇవ్వండి, కానీ అడిగి ఇవ్వండి. మీరు పంపే డాక్టర్ల జట్టు ఎన్ని ఆపరేషన్లు చేసిందని కాదు, పక్కన నిలబెట్టుకుని ఎంతమంది స్థానికులకు నేర్పిందని అడగండి. తిరిగొచ్చాక ఫోన్లో, వీడియోలో ఆ షాగిర్ద్‌ల ఎక్స్‌రేలు చూస్తున్నారా? నేర్చుకునే డాక్టర్‌కి ఆ నాలుగైదేళ్లు ఇల్లు గడవడానికి వజీఫా ఇస్తున్నారా? రింగులు, తీగలు వాళ్ల దగ్గరే వదిలొస్తున్నారా? జవాబు లేకపోతే, జవాబున్నవాళ్లను వెతికి వాళ్లకివ్వండి. జకాత్ దీనికి చెల్లుతుందా అనే మసలా ఉలమాని అడగండి. సదఖాకి మాత్రం ఏ అడ్డూ లేదు. మనిషి పోయాక కూడా సవాబ్ తెచ్చేవాటిలో పనికొచ్చే ఇల్మ్ ఒకటని మనకు చిన్నప్పుడే నేర్పారు కదా.

అంబులెన్స్ మీద రాసినట్టు సర్జన్ చేతి మీద మన జమాత్ పేరు రాయలేం. అందుకే ఇవ్వడానికి మనసొప్పడం లేదేమో, ఒక్కసారి ఎవరికి వాళ్లం దిల్ మీద చెయ్యేసుకుని చూసుకుందాం.

వస్సలాం.