టీపాయి రేట్ల బాపు కూలి ఏది?

పోయిన ఎండకాలం ఒక సారు మా ఇంటికొచ్చి ఫోన్ల ఫొటో చూపెట్టిండు. "తమ్మీ, గిసొంటి టీపాయి ఆన్‌లైన్ల మూడు వేలకు ఇంటికే తెచ్చిస్తున్నరు. నువ్వేంది తొమ్మిది వేలంటవు?" అన్నడు. నాకు జవాబు దొరకలే. బేరం సాగి సాగి ఆరున్నర వేలకు ఒప్పుకున్న. ఆయన పోయినంక బాపు ఒక్క మాట గూడ అనలే. బీడి ముట్టిచ్చుకొని అవుతల కూసున్నడు.

నేను పొద్దంతా మండలంల ఒక ప్రైవేటు ఆఫీసుల కంప్యూటర్ పని చేస్త. పొద్దుమీకినంక, ఐతారం నాడు కట్టె పని. డిజైన్ నేనే గీస్త, ఫొటోలు, రీల్స్ నేనే పెడ్త, గిరాకీతోని మాట్లాడేది నేనే. రంద పట్టేది, తొలి కొట్టి కాళ్లు దిగ్గొట్టేది ఎక్కువ బాపు. మాది వడ్లోళ్ల ఇల్లు. తాత కాలంల నాగండ్లు, గుంటుకలు, బండ్లు చేస్తే రైతులు కల్లం కాడ మేర కొలిచేటోళ్లు. ట్రాక్టర్లు వచ్చినయ్, నాగలి పోయింది, దానెంటనే మేర పోయింది. దర్వాజలు, కిటికీలు మిగిలినయ్ అనుకుంటే వాటిని ఇనుము, ప్లాస్టిక్ ఎత్తుకపోయినయ్. 2018 ఆగస్టుల హైదరాబాద్‌ల ఐకియా తెరిచినప్పుడు జనం ఎగబడుడు టీవీల చూసి బాపు అడిగిండు: "ముక్కలు డబ్బల పెట్టి ఇస్తరట, బిగిచ్చుకునేది కొన్నోళ్లేనట. మరి వడ్లాయన ఎందుకురా?"

ఇప్పుడు ఊర్లల్ల చదువుకున్న పోరగాండ్లు "కస్టమ్ ఫర్నిచర్ సైడ్ బిజినెస్ పెడ్తం" అంటుంటే నాకు సంతోషమే. భయం గూడ ఉన్నది. ఎందుకో ఆ టీపాయి లెక్కతోనే చెప్త.

టేకు కట్టెకు 3,800 పడ్డది. పాలిష్, సాండ్ పేపర్, జిగురు, స్క్రూలు, ఆటో కిరాయి కలిపి 900. ఆరున్నర వేలల్ల ఇవి తీసేస్తే 1,800 మిగిలింది. నా పని 26 గంటలు. అంటే గంటకు 70 రూపాయలు గూడ రాలే. మా దిక్కు వడ్లాయన రోజు కూలి వెయ్యి రూపాయలు, దాంట్ల సగం కొంచెం దాటిందంతే. అసలు సంగతి ఏందంటే, ఈ 26 గంటలు నావి మాత్రమే. బాపు చేసిన పని నేను లెక్కనే కట్టలే. ఇంట్ల మనిషే గదా అనుకున్న. రీల్ల పేరు నాది, లైకులు నావి, చెయ్యి ఆయనది, కూలి సున్నా. సైడ్ బిజినెస్‌ల లాభం అని మనం చెప్పుకునేది చానసార్లు ఇంట్లోళ్ల ఫుకట్ పనే.

సర్కారు ఏం చేస్తున్నది? 2023 సెప్టెంబర్ 17 నాడు కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 చేతి వృత్తులల్ల వడ్రంగం ఒకటి. ట్రైనింగ్‌ల రోజుకు 500, పనిముట్లకు 15,000, పూచీకత్తు లేకుండ మొదట లక్ష, తర్వాత రెండు లక్షల దాక లోన్, మిత్తి 5 శాతం. మంచిగనే ఉన్నది. గని ఇంటికి ఒక్కరికే. కుటుంబం అంటే మొగడు, పెండ్లాం, పెండ్లిగాని పిల్లలు. మా ఇంట్ల బాపు పేరు ఎక్కింది. నాకు పెండ్లి గాలె కాబట్టి నాకు రాదు. తండ్రి పని నేర్చుకున్న కొడుకు కొత్త మిషిన్ కొందామంటే పెండ్లన్న చేసుకోవాలె, లేకుంటే బయట మిత్తికి తేవాలె! కులవృత్తి నిలబెట్టాలె అనే పథకంల తరువాతి తరానికే తలుపు మూసిండ్రు. ఈ ఒక్క రూలు మార్చాలె అని అడుగుడు తప్పు గాదు.

ఇగ పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వెదురు, బెత్తం ఫర్నిచర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. కట్టె ఫర్నిచర్ మాత్రం 18 కాడనే ఉన్నది, ఫ్యాక్టరీదైనా, చేతితోని చేసిందైనా. తెలంగాణల అమ్మకం ఏడాదికి 20 లక్షలు దాటేదాక మనకు రిజిస్ట్రేషన్ అక్కర లేదు, గని ప్లైవుడ్, జిగురు కొన్నప్పుడు పన్ను కడుతనే ఉన్నం. ఇంకోటి, 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందార్లు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకున్నా ఎన్‌రోల్ చేసుకొని ఆన్‌లైన్ సైట్లల్ల సొంత రాష్ట్రంల అమ్ముకోవచ్చు. చానమందికి ఎర్క లేదు. రాష్ట్రం దాటిచ్చి అమ్మాలంటే మాత్రం, కొన్ని హస్తకళ వస్తువులు తప్ప, రిజిస్ట్రేషన్ కావాలె. టేకు దుంగలు కదిలియ్యాలంటే అటవీశాఖ పర్మిట్ ఉండాలె. కొనేటప్పుడు బిల్లు అడుగుండ్రి, అగ్గువకు దొరికిందని ఎగబడకుండ్రి.

అగ్గువ కట్టెతోని నాకొక దెబ్బ తాకింది. పచ్చి వేప కట్టె సగం రేటుకు వస్తే బల్ల చేసి ఇచ్చిన. రెండు నెలలకు పైచెక్క వంగి, నడిమిట్ల వేలు పట్టేంత పగులు ఇచ్చింది. గిరాకీ ఆమె మంచి మనిషి, తిట్టలే. "తీస్కపో బిడ్డా" అన్నది, గంతే. పైసలు వాపస్ ఇచ్చిన. ఆ బల్ల ఇప్పటికీ మా కొట్టంల ఉన్నది, దాని మీద దాణా బస్తాలు పెడ్తం. కట్టె ఆరాలె. నీడకు, గాలికి, నడుమ పట్టీలు పెట్టి నెలల తరబడి ఆరాలె. ఆర్డర్ వచ్చినంక కట్టె కొంటే ఆరే టైమ్ ఉండది, అందుకే పెట్టుబడి ముందుగాల పడ్తది.

మూడు వేల టీపాయితోని పోటీకి పోవుడు నేను బంద్ చేసిన. అది కట్టె పొట్టును జిగురుతోని అదిమి చేసిన బోర్డు, పైన టేకు గీతల కాగితం. నీళ్లు తగిల్తే ఉబ్బుతది. ఏడాదికో కిరాయి ఇల్లు మారేటోళ్లకు అదే మంచిగ పనికొస్తది, వాళ్లను తప్పు పట్టేది లేదు. మనకు గిరాకీ వేరే కాడ ఉన్నది. మోకాళ్ల నొప్పుల అవ్వకు కింద కూసోరాదు, మామూలు కుర్సీ ఎత్తైతది. ఆమె కాళ్లు కొలిచి చేసిన పీట ఏ సైటుల దొరకది. పాత ఇంటి గోడ గూటికి రెండు ఫీట్ల ఏడు ఇంచుల అల్మారి ఫ్యాక్టరీ చెయ్యది. అసొంటోళ్లు రేటు అడుగుతరు గని ఫొటోతోని పోల్చరు.

మొన్న ఒక డైనింగ్ టేబుల్‌కు రేటు రాసిచ్చిన. కట్టె, సామాను, నా గంటలు, కింద ఇంకో లైను: "పెద్ద వడ్లాయన కూలి, ఆరు రోజులు, 6,000." బాపు కాగితం పట్టుకొని చానసేపు చూసిండు. "గింత రాస్తే గిరాకీ పోతది కొడుకా" అన్నడు. సగం అడ్వాన్స్ ఇయ్యాలని గూడ రాసిన. గిరాకీ ఆయన ఇంకా ఫోన్ చెయ్యలే. మల్లొక్కసారి రేటు తగ్గిద్దామా అని బాపు నిన్న రాత్రి అడిగిండు. వద్దన్న.