ఐదు ప్రశ్నలు, పది నిమిషాలు

సింహాద్రిపురం ప్రాంతం చీనీ తోటలకు పేరు. కాయలు కోతకు వచ్చినపుడు టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారులు ‘సూటు’ తీస్తారు. అది పోగా చేతికి వచ్చే సొమ్మెంతో బడి ముఖం చూడని తాత నోటిలెక్కతోనే తేల్చగలడు. ఏడవ తరగతి చదివే మనుమరాలు మాత్రం శాతాల పాఠం దగ్గర ఆగిపోతుంది. ఆ సంగతి ఇంటివారికి తెలిసేది పదవ తరగతి ఫలితాల నాడు. ‘లెక్కల్లో పోయింది’ అన్న ఒక్క మాటతో ఆడపిల్లల చదువు ముగిసిన ఇళ్లు మనలో లేకపోలేదు. అబ్బాయినైతే ఏ మెకానిక్ షెడ్డుకో పంపుతారు. అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది.

ఆ బాలిక వెనుకబడింది ఏడవ తరగతిలో కాదు. భిన్నాలు పట్టుబడనిదే దశాంశాలు రావు, అవి రానిదే శాతాలు రావు, శాతాలు రానివారికి వడ్డీ లెక్క అందదు. ఐదవ తరగతిలో జారిన మెట్టును ఎవరూ గమనించలేదు.

పరీక్షలు లేక కాదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనాన్ని కోరింది. మన రాష్ట్రంలో ఆ పద్ధతి వచ్చినపుడు నిర్మాణాత్మక మూల్యాంకనపు 50 మార్కులలో 20 లఘు పరీక్షకు కేటాయించారు. ఉద్దేశం మంచిదే. అయితే 20కి 12 వచ్చిన పిల్లకు ఏది వచ్చింది, ఏది రాలేదు? మార్కు చెప్పదు. మర్నాడు కొత్త పాఠం మొదలవుతుంది. పోయిన ఎనిమిది మార్కులు పోయినట్టే.

చికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెంజమిన్ బ్లూమ్ 1968లో దీనికి ఒక మార్గం ప్రతిపాదించాడు. పాఠాన్ని చిన్న భాగాలుగా విడదీసి, ప్రతి భాగం చివర చిన్న పరీక్ష పెట్టాలి. రానివారికి మరో విధంగా బోధించి, మళ్లీ పరీక్షించాలి. గణిత తరగతిలో దీని రూపం చాలా సరళం. ఒకే నైపుణ్యంపై ఐదు ప్రశ్నలు, పది నిమిషాలు. నాలుగు సరైతే ముందుకు. కాకుంటే తప్పు ఎక్కడ జరిగిందో చూసి, రెండు రోజుల తరువాత అంకెలు మార్చి అవే ప్రశ్నలు. పాత మార్కు కొట్టివేయబడుతుంది.

ఇది మనకు వింత కాదు. హిఫ్జ్ తరగతిలో సబఖ్ తప్పులేకుండా వినిపించనిదే ఉస్తాద్ ముందుకు కదలనివ్వరు. అంతటితో వదలరు కూడా; సబఖీ, మంజిల్ పేరిట పాత పాఠాలను తిరిగి వింటూనే ఉంటారు. అక్కడ ‘నూటికి 35 చాలు’ అన్న మాటకు చోటులేదు.

మన పిల్లల విషయంలో మరో మేలు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు లేక ఇంగ్లీషు. ‘కసర్’ అంటే తెలిసిన పిల్ల ‘భిన్నం’ అన్న మాటకు తడబడవచ్చు. ఐదు ప్రశ్నల కాగితం చూసిన ఉపాధ్యాయునికి రానిది లెక్కా, మాటా అన్నది వెంటనే తెలుస్తుంది.

నలభై మంది ఉన్న తరగతిలో ఇది సాధ్యమా అని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సిలబస్ తరుముతూ ఉంటుంది. వారానికి ఒక్కసారైనా, పిల్లలు కాగితాలు మార్చుకొని దిద్దుకొనే విధంగానైనా జరిపించవచ్చు. ఈ మార్కులను ప్రోగ్రెస్ కార్డుకు ఎక్కించడం, తప్పినవారిని నిలబెట్టడం మొదలైతే మాత్రం ఇదీ మరో శిక్షగా మారుతుంది. అప్పుడు మానివేయడమే మేలు.

తల్లిదండ్రులు బడికి వెళ్లినపుడు ‘ఎన్ని మార్కులు?’ అని కాక ‘ఏది రాలేదు?’ అని అడగాలి. ఈ రాత్రి ఇంట్లో భిన్నాలతోనే ఆరంభించండి. 12 రొట్టెలలో మూడు వంతులు, అనగా నాలుగింట మూడు, ఎన్ని? 4 టన్నుల చీనీకాయలలో పదో వంతు సూటు పోతే మిగిలేది ఎన్ని కిలోలు? 80,000 రూపాయలపై జకాత్ నలభయ్యో వంతు ఎంత? సంతానం ఉన్న వ్యక్తి 2,40,000 విడిచి మరణిస్తే భార్యకు చెందే ఎనిమిదో వంతు ఎంత? 45 నిమిషాల పీరియడులో మూడో వంతు ఎన్ని నిమిషాలు? నాలుగు సరైతే రేపు శాతాలకు వెళ్లండి. రెండు తప్పితే కాగితంపై రొట్టె బొమ్మ గీసి, ముక్కలు చేసి చూపండి. ఎల్లుండి అంకెలు మార్చి మళ్లీ అడగండి.